ఆటస్థలంలో ఆడపిల్లల వాటా

ప్రపంచ ఆరోగ్య సంస్థ పరిశోధకులు 2019 నవంబరులో ఒక అధ్యయనాన్ని వెలువరించారు. 146 దేశాల్లో బడికి వెళుతున్న, 11 నుంచి 17 ఏళ్ల మధ్య వయసున్న దాదాపు 16 లక్షల మంది పిల్లల వివరాలు అందులో ఉన్నాయి. ఈ వయసు పిల్లలకు రోజుకు సగటున గంటసేపైనా ఒళ్లు బాగా కదిలే ఆటో, పరుగో, నడకో ఉండాలని ఆ సంస్థ చెబుతోంది. 2016 నాటికి ఆ గంట దొరకని పిల్లలు నూటికి 81 మంది అని తేలింది. అబ్బాయిల్లో 78, అమ్మాయిల్లో 85.

ఈ అంకెలకన్నా మనల్ని ఎక్కువగా ఆలోచింపజేయాల్సిన విషయం మరొకటి ఆ అధ్యయనంలోనే ఉంది. అమ్మాయిల విషయంలో పరిస్థితి కొంత నయంగా కనిపించిన దేశాలు బంగ్లాదేశ్, భారతదేశం. నయమంటే మరీ నయమేమీ కాదు, మన దేశంలోనూ నూటికి డెబ్భై మందికి పైగా అమ్మాయిలకు ఆ గంట లేదు. అయినా ఇతర దేశాలకన్నా మనం ఎలా ముందున్నాం? ఆడపిల్లలు ఇంటిపని ఎక్కువగా చేయడం ఇందుకు కారణం కావచ్చునని పరిశోధకులు వివరించారు. ఇవే దేశాల్లో మగపిల్లలు కొంత మెరుగ్గా ఉండడానికి క్రికెట్ వంటి ఆటల మీద ఉన్న ఆదరణ కారణం కావచ్చునన్నారు. అంటే అబ్బాయిలకు క్రికెట్, అమ్మాయిలకు అంట్లు. రెండూ లెక్కలో ఒకే గడిలో పడ్డాయి. రెండింటినీ 'శారీరక చురుకుదనం' అనే అన్నారు.

ఒళ్లు అలిసిపోవడమే కొలమానమైతే మన దేశంలో స్త్రీల కంటే చురుకైన వాళ్లు ఎవరూ ఉండరు. కానీ చాకిరి వేరు, ఆట వేరు. బోరింగు దగ్గర నుంచి బిందె మోసుకొచ్చే పదమూడేళ్ల పిల్ల ఒళ్లు కదులుతుంది, నిజమే. ఆ కదలిక ఎప్పుడు మొదలుపెట్టాలో, ఎప్పుడు ఆపాలో నిర్ణయించేది ఆ పిల్ల కాదు. ఒకే పక్కకు ఒరిగి, ఒకే నడుము మీద భారం వేసే కదలిక అది. ఆటలో శరీరం తన కోసం తాను కదులుతుంది. పరిగెత్తి, పడి, లేచి, గెలిచి, ఓడి, మళ్లీ ఆడదామని అరవడానికి అక్కడ అవకాశం ఉంటుంది. తోటిపిల్లలుంటారు, నవ్వు ఉంటుంది. అలిసిపోతే ఆగిపోయే హక్కు ఉంటుంది. చాకిరిలో లేనిది ఈ హక్కే.

పై అధ్యయనం బడికి వెళ్లే పిల్లల గురించి మాత్రమే. బడి మానేసిన ఆడపిల్ల ఆ లెక్కలోకే రాలేదు. కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో హైబ్రిడ్ పత్తి విత్తనాల పొలాల్లో పువ్వు పువ్వునూ చేత్తో పరాగసంపర్కం చేసే పనికి ఆడపిల్లల్నే ఎక్కువగా పెట్టుకున్నారని 1990ల చివరి నుంచి పరిశోధనలు చెబుతూ వచ్చాయి. పొద్దున్నుంచి సాయంత్రం దాకా పత్తిచెట్ల మధ్య వంగి నిలబడే ఆ పిల్లల్ని 'చురుకైన పిల్లలు' అందామా? వాళ్లలో అత్యధికులు దళిత, ఆదివాసీ, వెనకబడిన కులాల పిల్లలే. కాబట్టి ఆట గురించి మాట్లాడేటప్పుడు కులాన్నీ, వర్గాన్నీ పక్కన పెట్టలేం. కొందరు ఆడపిల్లలకు కదలడమే నిషిద్ధం, మరికొందరికి కూర్చోవడమే దొరకదు. ఆడుకోవడం మాత్రం ఇద్దరికీ లేదు.

ఆటకు మొదట కావాల్సింది సమయం. 2019లో జాతీయ గణాంక కార్యాలయం జరిపిన సమయ వినియోగ సర్వే ప్రకారం, ఇంటిపని చేసే స్త్రీలు రోజుకు సగటున 299 నిమిషాలు అందులో గడుపుతున్నారు. ఇంటిపనిలో చెయ్యి వేసే మగవాళ్లు గడిపేది 97 నిమిషాలు. ఆరేళ్లు నిండిన వాళ్లందరినీ కలిపి తీసిన సగటు ఇది. ఈ తేడా పెళ్లితో ఒక్కసారిగా రాదు. పదకొండు, పన్నెండేళ్ల వయసులో, సాయంత్రం నాలుగున్నరకు బడి వదిలాక, అన్న బ్యాటు పట్టుకుని వీధిలోకీ చెల్లెలు చీపురు పట్టుకుని వాకిట్లోకీ వెళ్లినప్పుడే మొదలవుతుంది. ఆడపిల్లకు ఆట లేకపోవడమూ, ఆడదానికి విశ్రాంతి లేకపోవడమూ ఒకే సంగతికి మొదలూ చివరా.

రెండోది శరీరం మీద అధికారం. పదేళ్ల దాకా వీధిలో తొక్కుడుబిళ్ల, తాడాట, దొంగాట ఆడిన పిల్ల పెద్దమనిషి కాగానే ఇంట్లో ఒక మూల చాప మీద కూర్చుంటుంది. ఆ కొద్దిరోజులతో అది అయిపోదు. మూలన కూర్చోవడం అప్పటి నుంచి ఒక అలవాటుగా, ఒక మర్యాదగా మారుతుంది. మన ఊళ్లలో ఆడపిల్లల ఆటల వరసను ఒకసారి గుర్తుచేసుకోండి. చిన్నప్పటి ఆటలన్నీ గెంతేవి, పరిగెత్తేవి. ఈడొచ్చిన పిల్లలకు మిగిలేవి వామనగుంటలు, అచ్చనగాయలు, అష్టాచెమ్మా. అన్నీ కూర్చుని, చేతులు మాత్రమే కదిపే ఆటలు. ఇప్పుడు వాటి స్థానంలోకి సెల్‌ఫోన్ వచ్చింది. అందులో కదిలేది ఒక్క బొటనవేలే.

ఆ తర్వాత వచ్చే మాటలు మనందరం విన్నవే. గట్టిగా నవ్వకు, కాళ్లు దగ్గర పెట్టుకో, చున్నీ సర్దుకో, ఆ పరుగేమిటి మగరాయుడిలా. అమెరికన్ స్త్రీవాద తాత్వికురాలు ఐరిస్ మారియన్ యంగ్ 1980లో రాసిన ఒక వ్యాసంలో, అమ్మాయిలు బంతి విసిరే తీరులో కనిపించే తటపటాయింపును విశ్లేషించింది. ఆ తటపటాయింపు పుట్టుకతో వచ్చినది కాదనీ, తన శరీరాన్ని తాను చేసే పనికి సాధనంగా కాక, ఇతరులు చూసే వస్తువుగా భావించడం నేర్పిన సమాజం నుంచి వచ్చిందనీ ఆమె వాదన. మన దగ్గర దీనికి వేరే రుజువు అక్కర్లేదు. భుజాలు ముందుకు వంచి, పుస్తకాలు గుండెకు అదుముకుని నడిచే ఎనిమిదో తరగతి పిల్లల్ని ఏ ఊరి బస్టాండులోనైనా చూడవచ్చు.

మూడోది తిండి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15 నుంచి 19 ఏళ్ల అమ్మాయిల్లో నూటికి 59 మందికి రక్తహీనత ఉంది. అదే వయసు అబ్బాయిల్లో నూటికి 31 మందికి ఉంది. ఇది రెండు రకాలుగా ఆటకు అడ్డం వస్తుంది. రక్తం లేని పిల్ల నాలుగడుగులు పరిగెత్తగానే ఆయాసపడుతుంది. ఆయాసపడుతోంది కాబట్టి ఆట వద్దంటారు. ఇంట్లో చివరి ముద్ద ఎవరి పళ్లెంలో పడుతోందని మాత్రం అడగరు. అందుకే తిండి గురించి పట్టించుకోకుండా 'పరిగెత్తండి, ఆరోగ్యం వస్తుంది' అని ఆడపిల్లలకు బోధించడం అన్యాయం. అలాగే ఐరన్ మాత్ర చేతిలో పెట్టి, ఆట సంగతి మరిచిపోవడం కూడా సగం పనే. ఎముకల గట్టిదనంలో చాలా భాగం పద్దెనిమిదేళ్లలోపే ఏర్పడుతుంది. ఆ వయసులో ఎండా, ఆటా, పాలూ, గుడ్డూ, ఆకుకూరా దొరకని పిల్ల నలభై ఏళ్లు దాటాక నడుం నొప్పితో, మోకాళ్ల నొప్పులతో దాని మూల్యం చెల్లిస్తుంది. బహిష్టు రోజుల్లో ఆడకూడదన్న నమ్మకానికి వైద్యపరమైన ఆధారమేమీ లేదు. ఒంట్లో బాగుంటే ఆడవచ్చు, బాగోలేకపోతే మానవచ్చు. అది ఆ పిల్ల నిర్ణయం కావాలి.

నాలుగోది స్థలం. 2009 నాటి విద్యాహక్కు చట్టం 6 నుంచి 14 ఏళ్ల పిల్లలు చదివే ప్రతి బడికీ ఆటస్థలం ఉండాలని తన షెడ్యూలులో స్పష్టంగా చెప్పింది. ఆట సామగ్రి ఇవ్వాలంది. ఆరు నుంచి ఎనిమిదో తరగతి వరకు వందమందికి పైగా పిల్లలున్న చోట ఆరోగ్య, వ్యాయామ విద్యకు పార్ట్‌టైమ్ శిక్షకులుండాలంది. చట్టం ఇలా ఉంటే, మన పట్టణాల్లో అపార్టుమెంటు లాంటి భవనాల్లో, మెట్ల దారి తప్ప మరో ఖాళీ స్థలం లేకుండా నడుస్తున్న ప్రైవేటు బడులెన్నో! ఆరో తరగతి నుంచే ఐఐటీ ఫౌండేషన్ పేరుతో పొద్దున్నుంచి రాత్రి దాకా బెంచీకి అతికించే చదువులెన్నో! అక్కడ అబ్బాయిలకూ ఆట లేదు, నిజమే. కానీ అబ్బాయికి ఆదివారం వీధి ఉంటుంది. అమ్మాయికి అదీ ఉండదు. ప్రభుత్వ బడుల్లో గ్రౌండు ఉన్నచోట కూడా డ్రిల్లు పీరియడును లెక్కల మాస్టారు సిలబస్ కోసం తీసుకోవడం మామూలే. ఆ పీరియడు మిగిలితే గ్రౌండు మధ్యలో అబ్బాయిల క్రికెట్టు, గట్టు మీద చెట్టు కింద అమ్మాయిల కబుర్లు. ఎవరూ వాళ్లను పొమ్మనలేదు. రమ్మని కూడా ఎవరూ అనలేదు.

ఆట ఒక హక్కు అన్నది మనం కొత్తగా కనిపెట్టిన నినాదమేమీ కాదు. 1989 నాటి బాలల హక్కుల ఒడంబడిక 31వ అధికరణ పిల్లలకు విశ్రాంతి, ఆట, వినోదం హక్కులని చెప్పింది. మన దేశం 1992లో దాన్ని అంగీకరించింది. స్త్రీల పట్ల అన్ని రకాల వివక్షనూ రూపుమాపాలన్న 1979 నాటి ఒడంబడిక, చదువుకు సంబంధించిన 10వ అధికరణలోనే క్రీడల్లో, వ్యాయామ విద్యలో పాల్గొనడానికి ఆడపిల్లలకు సమాన అవకాశాలుండాలని రాసింది. మన దేశం 1993లో దాన్ని ఆమోదించింది. ఈ ఒడంబడికను మనం వరకట్నం, గృహహింస, ఆస్తిహక్కు విషయాల్లో ఎన్నో సభల్లో ఉటంకించాం. ఈ ఒక్క వాక్యాన్ని మాత్రం ఎక్కువగా పట్టించుకోలేదు.

ఈ మాట ఎత్తగానే మనకు వచ్చే జవాబు విజేతల జాబితా. శ్రీకాకుళం జిల్లా పల్లె నుంచి వచ్చిన కరణం మల్లీశ్వరి 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచి, ఒలింపిక్ పతకం సాధించిన తొలి భారతీయ మహిళ అయింది. నిజామాబాద్ జిల్లా ఆదివాసీ బాలిక, సాంఘిక సంక్షేమ గురుకుల విద్యార్థిని మాలావత్ పూర్ణ 2014 మే 25న పద్నాలుగేళ్లు నిండకుండానే ఎవరెస్టు ఎక్కింది. నిజామాబాద్ నుంచే వచ్చిన నిఖత్ జరీన్ 2022లో, 2023లో బాక్సింగ్ ప్రపంచ విజేత. కూలి చేసుకునే దంపతుల బిడ్డ, వరంగల్ జిల్లాకు చెందిన దీప్తి జీవాంజి 2024 పారిస్ పారాలింపిక్స్‌లో పతకం తెచ్చింది. 2025 నవంబరు 2న ప్రపంచకప్ గెలిచిన భారత మహిళా క్రికెట్ జట్టులో కడప జిల్లా అమ్మాయి శ్రీచరణి ఉంది. వీళ్లందరినీ చూసి మనం గర్వపడతాం, పడాలి కూడా. పూర్ణ కథ మనకు ఇంకో ముఖ్యమైన సంగతి చెబుతోంది. ప్రభుత్వ గురుకులం ఒక పేద పిల్లకు తిండి, శిక్షణ, నమ్మకం మూడూ కలిపి ఇస్తే ఏం జరుగుతుందో అది చూపించింది.

అయితే విజేతలు హక్కుకు ప్రత్యామ్నాయం కారు. పతకం తెచ్చే పిల్లకే ఆట అంటే మిగిలిన వాళ్లంతా ఎక్కడికి పోవాలి? ఇంజనీరు కాగల పిల్లకే అక్షరాలు నేర్పుతామని ఎవరైనా అంటే ఒప్పుకుంటామా? బాగా ఆడలేని పిల్లకు, లావుగా ఉన్న పిల్లకు, కాలు సరిగా లేని పిల్లకు, సిగ్గుపడే పిల్లకు ఆడుకునే హక్కు ఉందని చెప్పడమే అసలు సంగతి. 'ప్రతిభను వెలికితీయడం' అనే పేరుతో ప్రతి తరగతిలోనూ ఇద్దరిని ఎంచి, ముప్ఫై మందిని చప్పట్లకు కూర్చోబెట్టే పద్ధతిని మనం ప్రశ్నించాలి.

మరో ప్రమాదం కూడా ఉంది. ఆడపిల్లల వ్యాయామం గురించి మార్కెట్టు కూడా మాట్లాడుతోంది. దాని భాష వేరు. సన్నబడాలి, నడుము తగ్గాలి, ఫొటోలో బాగుండాలి. ఆడపిల్లకు తన శరీరం మీద మరో అసంతృప్తిని నేర్పే ఈ వ్యాయామం మూలన కూర్చోబెట్టే సంప్రదాయానికి విరుద్ధమేమీ కాదు. రెండింటికీ ఆమె శరీరం ఇతరులు చూడటానికే. పన్నెండేళ్ల పిల్ల బరువు గురించి కాదు, ఆమె బలం గురించి, ఊపిరి గురించి, సంతోషం గురించి మనం మాట్లాడాలి.

ఇక తల్లిదండ్రుల భయం. దాన్ని తేలిగ్గా కొట్టిపారేయలేం. దారిలో వేధింపులున్నాయి. ఆట నేర్పే చోటా ఉన్నాయి. 2023లో దేశానికి పతకాలు తెచ్చిన మహిళా రెజ్లర్లే తమ సమాఖ్య అధ్యక్షుడిగా ఉన్న వ్యక్తిపై లైంగిక వేధింపుల ఫిర్యాదుతో జంతర్‌మంతర్ దగ్గర రోడ్డు మీద కూర్చోవలసి వచ్చింది. ఊళ్లో ఉన్న తల్లి ఈ వార్త చూసి కూతుర్ని గ్రౌండుకు పంపడానికి జంకితే ఆమెను తప్పుపట్టలేం. కానీ ఇంట్లో కూర్చోబెట్టడం జవాబు కాదు. ఇంట్లోనూ భద్రత లేదన్నది మన దగ్గరకు వచ్చే కేసులే చెబుతున్నాయి. పని ప్రదేశాల్లో లైంగిక వేధింపులపై 2013లో వచ్చిన చట్టం క్రీడా సంస్థల్ని, స్టేడియంలను కూడా పని ప్రదేశాలుగానే నిర్వచించింది. పద్దెనిమిదేళ్లలోపు పిల్లలకు 2012 నాటి పోక్సో చట్టం ఉంది. ఏ క్రీడాశాలలో ఫిర్యాదుల కమిటీ ఉంది, దాని సభ్యుల పేర్లు గోడ మీద ఉన్నాయా అని అడగడం మన పని. ఆత్మరక్షణ పేరుతో బడుల్లో కొద్ది నెలల పాటు కరాటే నేర్పుతున్నారు. మంచిదే. కానీ దాడిని ఎదుర్కోవడానికి మాత్రమే ఆడపిల్ల తన చేతులూ కాళ్లూ వాడాలా? ఊరికే, సరదాగా వాడకూడదా?

వీధుల్లో ఆడపిల్లలు ఎక్కువమంది కనిపిస్తేనే వీధులు సురక్షితమవుతాయి. ఇందుకు మన పక్కనే ఉదాహరణ ఉంది. 1991లో తమిళనాడు పుదుక్కోట్టై జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమంలో భాగంగా స్త్రీలు సైకిలు నేర్చుకోవడం మొదలుపెట్టారు. కొద్దికాలంలోనే లక్షమందికి పైగా గ్రామీణ స్త్రీలు నేర్చుకున్నారు. ఒక్కతే సైకిలెక్కితే ఊరంతా మాట్లాడుతుంది. వెయ్యిమంది ఎక్కితే ఊరు అలవాటుపడుతుంది. బీహారులో 2006 నుంచి తొమ్మిదో తరగతి అమ్మాయిలకు సైకిళ్లిచ్చారు. ఆ పథకం వల్ల ఆ వయసు అమ్మాయిలు హైస్కూల్లో చేరడం 32 శాతం పెరిగిందని, అబ్బాయిలకూ అమ్మాయిలకూ మధ్య ఉన్న తేడా 40 శాతం తగ్గిందని 2017లో అచ్చయిన ఒక అధ్యయనం చూపింది. సైకిలు బడికి చేర్చింది, కాళ్లకు బలమిచ్చింది, ఇంటి నుంచి దూరాన్ని సొంతం చేసింది. ఈ మూడింటినీ విడదీసి చూడలేం.

మన సంఘాల్లో ఒక అభ్యంతరం వినిపించవచ్చు. బాల్యవివాహాలు ఆగలేదు, హింస ఆగలేదు, తాగునీరు లేదు, ఇప్పుడు ఆటలా అని. 2019-21 సర్వే నాటికి 20-24 ఏళ్ల స్త్రీలలో పద్దెనిమిది నిండకుండానే పెళ్లయినవాళ్లు ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 29 మంది, తెలంగాణలో 23 మందికి పైగా. ఈ అంకె ముందు ఆట చిన్నదిగా కనిపించడం సహజం. కానీ ఆలోచిస్తే రెండూ ఒకే వయసు దగ్గర కలుస్తాయి. పన్నెండేళ్లకు గ్రౌండు వదిలిన పిల్లకు ఇల్లూ, ఇంటిపనీ, పెళ్లీ వరసగా ఎదురవుతాయి. జట్టులో ఉన్న పిల్లకు కనీసం 'ఈ రోజు రాలేదేం' అని అడిగే పదిమంది ఉంటారు. ఒక ఆడపిల్ల కనిపించకపోతే వెంటనే గమనించే జట్టు, బాల్యవివాహాలను ఆపడానికి మనకు దొరికే మంచి నిఘా కూడా.

ఏం చేయగలం? ఖర్చు లేని పనులతోనే మొదలుపెట్టవచ్చు. మీరు పనిచేసే ఊళ్లో సాయంత్రం అయిదు గంటలకు గ్రౌండులో ఎంతమంది అబ్బాయిలున్నారో, ఎంతమంది అమ్మాయిలున్నారో ఒక వారం పాటు లెక్కపెట్టండి. ఆ లెక్కను గ్రామసభలో చదవండి. బడి యాజమాన్య కమిటీల్లో సగంమంది స్త్రీలుండాలని చట్టం చెబుతోంది. ఆ తల్లుల చేత డ్రిల్లు పీరియడు ఏమైందని అడిగించండి. ఆడపిల్లలకు గ్రౌండు మధ్యలో వారానికి కొన్ని గంటలు కేటాయించాలని, దగ్గర్లో నీళ్లున్న మరుగుదొడ్డి ఉండాలని, ఆటకు అనువైన దుస్తులు, లోదుస్తులు ఇవ్వాలని అడగండి. కస్తూరిబా విద్యాలయాల్లో, హాస్టళ్లలో సాయంత్రం ఆట టైంటేబుల్లో ఉందా, అమలవుతోందా చూడండి. ఏ ఆట ఆడాలో పిల్లల్నే అడగండి. కబడ్డీ కావచ్చు, ఖోఖో కావచ్చు, డాన్సు కావచ్చు, ఊరికే ఉరకడం కావచ్చు. సంఘం సమావేశాలకు వచ్చే తల్లుల్ని కూడా ఒక ఆట ఆడించండి. తల్లి తాడాట ఆడగా చూసిన పిల్ల, ఆట వయసుతో పోయేది కాదని తెలుసుకుంటుంది.

అన్నిటికన్నా కష్టమైన పని ఇంట్లో ఉంది. సాయంత్రం అక్క గ్రౌండుకు వెళ్లాలంటే అంట్లు ఎవరు తోమాలి? అమ్మే తోమాలంటే ఒక స్త్రీ సమయం తీసి ఇంకొక స్త్రీకి ఇచ్చినట్టే. తమ్ముడూ, నాన్నా ఆ అంట్ల దగ్గర కూర్చోనంత వరకు ఆడపిల్లల ఆట గురించి మనం ఎంత మాట్లాడినా అది బడి ఆవరణ దాటి రాదు. రోజుకు ఒక గంట. మనం అడుగుతున్నది అంతే. ఆ గంట ఎవరి దగ్గర నుంచి రావాలో కూడా తేల్చి అడుగుదాం.

మీ ఊరి గ్రౌండులో ఎవరున్నారో, అడిగినప్పుడు బడి ఏమందో, తల్లులు ఏమన్నారో, పిల్లలు ఏమన్నారో మాకు రాయండి. వచ్చే సంచికలో కొన్ని పేజీలు వాటికే కేటాయిస్తాం. పన్నెండు, పదమూడేళ్ల పిల్లలు తామే రాసి పంపితే ముందుగా వాటినే వేస్తాం.